రక్తహీనతకు మందు తయారు చేయించిన తెలుగు డాక్టరు – యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన గోడపత్రికలో ఇంతవరకు అల్లూరి సీతారామరాజు గారి గురించి, అంబేద్కర్ గారి గురించి, కొమురం భీం గారి గురించి చదివారు. ఈసారి సారు నాకు రెండు చార్టులు ఇచ్చారు. నేను ఒక డాక్టరు గారి గురించి రాస్తున్నాను. ఆయన కత్తి పట్టలేదు, జైలుకు పోలేదు. ప్రయోగశాలలో గాజు సీసాల మధ్య బతికి, అక్కడే ముసలివాడు కాకుండానే చనిపోయారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, వారానికోసారి మనకు ఇచ్చే నీలం మాత్ర ఉంది కదా, అందులో రెండు మందులు ఉంటాయి. ఒకటి ఇనుము, 60 మిల్లీగ్రాములు. రెండోది ఫోలిక్ యాసిడ్, 500 మైక్రోగ్రాములు. ఆ రెండోదాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద ఈయనే. ఆ మాత్రల్లో చాలా వరకు మన కడుపులోకి కాకుండా బాత్రూముల వెనక కంపచెట్లలోకి పోతున్నాయని అందరికీ తెలుసు. పేర్లు రాయను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలు. ఇల్లు పెద్దది, రాబడి చిన్నది. ఈయనకు చిన్నప్పుడు చదువు మీద మనసు లేదు. 13 ఏళ్ళ వయసులో ఇల్లు వదిలి కాశీకి బయలుదేరారు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆశ. పులివెందుల వైపు అరటితోటలు, లారీల లోడింగు చూసిన మన వాళ్ళకు ఇది అంత పిచ్చి ఆలోచన అనిపించదు. కానీ వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి ప్యాసయ్యారు. పదో తరగతి అన్నలు, అక్కలు ఈ మాట ఇంకోసారి చదువుకోవచ్చు.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. మధ్యలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నారు. అమ్మ మళ్ళీ వద్దన్నారు. సరే, జనానికి సేవ చేసేది డాక్టరుగా చేస్తానని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. డబ్బు లేదు. స్నేహితులు, తర్వాత ఆయనకు పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఖర్చులు భరించారు. 1919లో ఆ మామగారి కూతురు శేషగిరి గారితో పెళ్ళయింది. అప్పుడు గాంధీ గారి పిలుపు దేశమంతా మోగుతోంది. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటు వేసుకుని పోయేవారు. శస్త్రచికిత్స నేర్పే తెల్ల ప్రొఫెసరు గారికి అది గిట్టలేదు. చదువు బాగా సాగినా చివరికి ఎం.బి.బి.ఎస్. పట్టా ఇవ్వలేదు, దానికంటే కింది ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమూ రాలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి, ఇద్దరూ కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. మన వాళ్ళు సంగ్రహణి అనే జబ్బు లాంటిది. పేగులు తిన్నదాన్ని పీల్చుకోవు. విరేచనాలు ఆగవు, మనిషి ఎండిపోతాడు, రక్తం పలచబడిపోతుంది. డాక్టరు చదువు చదివిన మనిషి తన సొంత అన్నదమ్ములు పాలిపోయి, రొప్పుతూ పోతుంటే చూస్తూ నిలబడవలసి వచ్చింది. అప్పటికి దానికి ప్రపంచంలో ఎక్కడా సరైన మందు లేదు.

ఇక్కడ కాసేపు సుబ్బారావు గారిని ఆపి, రక్తం తగ్గితే ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పాలి. లేకపోతే ఆయన చేసిన పని విలువ తెలియదు. దీన్ని నేను మా జీవశాస్త్రం సారును నాలుగు రోజులు విసిగించి నేర్చుకున్నాను.

మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్ ఊపిరితిత్తుల్లో రక్తంలోకి చేరుతుంది. దాన్ని మోసేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్. ఆక్సిజన్ తగ్గితే కనిపెట్టడానికి మన ఒంట్లో ముఖ్యంగా రెండు చోట్ల కాపలా ఉంది. మొదటిది మెడలో. తలకు రక్తం తీసుకుపోయే నాళం మెడలో రెండుగా చీలే చోట, రెండు పక్కలా, బియ్యపు గింజంత ముద్ద ఒక్కొక్కటి ఉంటుంది. దాన్ని కెరోటిడ్ బాడీ అంటారు. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గగానే అది సెకన్లలోనే నరం ద్వారా మెదడుకు కబురు పంపుతుంది. వెంటనే ఊపిరి వేగం పెరుగుతుంది. ఈ సంగతి తేల్చడంలో స్పెయిన్ శాస్త్రవేత్త డి కాస్ట్రో, బెల్జియం శాస్త్రవేత్త హేమన్స్ పని చేశారు. హేమన్స్ కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ అక్క తెలుసు కదా, మనలాగే గురుకులంలో చదువుకున్న లంబాడీ పిల్ల, అప్పటికి 13 ఏళ్ళు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి మనకిక్కడ ఉన్నదాంట్లో మూడో వంతే. అక్కడ ఆ అక్క మెడలోని ఈ రెండు గింజలూ రాత్రీ పగలూ కేకలు పెట్టే ఉంటాయి.

రెండో కాపలా మూత్రపిండాల్లో. ఇది నిదానం మనిషి. తన దగ్గరికి వచ్చే ఆక్సిజన్ తగ్గిందని తెలిస్తే కొన్ని గంటల్లో ఎరిత్రోపాయిటిన్ అనే పదార్థం తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. అది ఎముకల మూలుగకు పోయి, ఎర్రకణాలు ఎక్కువ తయారు చెయ్యమని ఆర్డరు ఇస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊళ్ళల్లో ట్యాంకరు దగ్గర నుంచి బిందెలతో నీళ్ళు మోస్తారు కదా. ఎర్రకణాలు ఆ బిందెలు అనుకోండి. ఎవరెస్టు మీద బిందెలు సరిపడా ఉంటాయి, కానీ ప్రతి బిందే వెలితిగా ఉంటుంది. రక్తహీనతలో అట్లా కాదు. ప్రతి బిందే నిండుగానే ఉంటుంది, బిందెల సంఖ్యే సగమైపోయి ఉంటుంది. మెడలోని కాపలావాడు బిందె నిండుగా ఉందా లేదా అని చూస్తాడు గాని, ఎన్ని బిందెలు వచ్చాయో పెద్దగా లెక్కపెట్టడు. అందుకే రక్తం సగం తగ్గినా, కూర్చున్నంతసేపు మనిషికి ఆయాసం తెలియకపోవచ్చు. క్లాసులో నిద్ర, కాళ్ళు లాగడం, చదివింది తలకెక్కకపోవడం, ఇంతే. సోమరిపోతు అని తిట్లు కూడా పడతాయి. మొన్న జమ్మలమడుగు దగ్గర గండికోటకు పోయినప్పుడు బండలు ఎక్కుతూ కొందరు మధ్యలోనే గుండె దడ అని కూర్చుండిపోయారు. ఎక్కేటప్పుడు కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, తెచ్చే బిందెలు తక్కువ. అందుకని గుండె అదే బిందెలను మరింత వేగంగా తిప్పుతుంది. ఆ దడ అదే.

వేలికి తగిలించే మిషను కూడా మెడ కాపలావాడి లాంటిదే. కరోనా వచ్చినప్పటి నుంచి ప్రతి ఊళ్ళో ఆ మిషను ఉంది. అది కూడా బిందె ఎంత నిండిందో చెబుతుంది, ఎన్ని ఉన్నాయో చెప్పదు. మా వదిన నెలలు నిండుతుండగా నీరసమని పడుకుంటే, మా తాండాకు వచ్చే ఆయన వేలికి ఆ మిషను పెట్టి 98 ఉంది, ఏమీ భయం లేదన్నాడు. మా అమ్మకు మాత్రం ఆమె కళ్ళ కింద తెలుపు చూసి అనుమానం తీరలేదు. పులివెందులలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6 కంటే తక్కువ. అక్కడి నుంచి ప్రొద్దుటూరు తీసుకుపోయి రక్తం ఎక్కించారు. తల్లీ బిడ్డా బాగున్నారు. మిషను చెప్పిన 98 అబద్ధం కాదు, అడిగిన ప్రశ్నే వేరు. హిమోగ్లోబిన్ కు వేలు మీద సూదితో గుచ్చి చేసే పరీక్షే చెయ్యాలి. మన వయసు ఆడపిల్లలకు 12, మగపిల్లల్లో 15 ఏళ్ళు నిండనివాళ్ళకు 12, నిండినవాళ్ళకు 13 ఉండాలి.

మళ్ళీ మన కథలోకి వద్దాం. సోదరులు పోయాక సుబ్బారావు గారికి ఒకటే పట్టుదల, ఇలాంటి జబ్బులకు మందు కనిపెట్టాలి. వాళ్ళకు వచ్చిన జబ్బే ఆయనకూ సోకిందని, లక్ష్మీపతి గారి వైద్యంతో బతికారని ఆయన జీవితచరిత్రలు రాసినవారు చెబుతారు. 1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ చేరారు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. హార్వర్డులో ఉష్ణదేశాల వైద్యంలో డిప్లొమా చదివారు. అక్కడ డాక్టరుగా పని చెయ్యడానికి మన పట్టా చెల్లదు. కాబట్టి బోస్టన్ లో ఒక పెద్ద ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా చేరారు. పోర్టరు అంటే రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం, దుప్పట్లు మార్చడం. డాక్టరు చదువు చదివి ఆ పని చేశారని రాస్తుంటే నాకు బాధగానే ఉంది. ఆయన మాత్రం చేశారు.

పగలు హార్వర్డు ప్రయోగశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర పని. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. దానికి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని పేరు వచ్చింది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ కనుక్కున్నారు. తర్వాత ఏ.టి.పి. ని కూడా వేరు చేశారు. ఏ.టి.పి. పేరు పదో తరగతి పుస్తకంలో వస్తుంది. తిన్న అన్నం, పీల్చిన ఆక్సిజన్ కలిసి కణంలో మండి తయారయ్యే శక్తి నాణెం అది. మనిషికి ఆక్సిజన్ ఎందుకు కావాలంటే ముఖ్యంగా దీని కోసమే. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. కానీ హార్వర్డులో శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. చేసిన పనిలో కొంత వెలుగులోకి రాకుండా ఫిస్క్ అడ్డుకున్నారని, అందువల్ల అవే సంగతులు వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని 1988 నోబెల్ గ్రహీత హిచింగ్స్ గారు తర్వాత చెప్పారు. హిచింగ్స్ అప్పుడు అదే ప్రయోగశాలలో చదువుకుంటున్నారు, చూసిన మనిషి.

1930లలో రక్తహీనత మీద పెద్ద పరుగు మొదలైంది. పెర్నీషియస్ అనే ఒక రకం రక్తహీనతకు కాలేయం తినిపిస్తే తగ్గుతుందని తేల్చినందుకు మైనాట్, మర్ఫీ, విపుల్ అనే ముగ్గురికి 1934 నోబెల్ ఇచ్చారు. కాలేయంలో ఏ పదార్థం పని చేస్తోంది అన్నది ఎవరికీ తెలియదు. సుబ్బారావు గారు దాన్ని వెతకడం మొదలుపెట్టారు. ఇంకో పక్క, మన బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ మిల్లు కార్మికుల ఇళ్ళల్లో గర్భిణులు రక్తం లేక చనిపోవడం చూసి, ఈస్టుతో చేసిన ఒక పదార్థం తినిపిస్తే కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. అందులో ఉన్నదేమిటో ఆమెకూ తెలియలేదు. మందు కథ సగం మన దేశపు కూలి ఆడవాళ్ళ దగ్గర మొదలైందని నాకు ఇది చదివాకే తెలిసింది.

1940లో సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీలో పరిశోధనకు చేరి, ఆ విభాగానికి డైరెక్టరు అయ్యారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ ను ప్రయోగశాలలో తయారు చేసింది. విల్స్ వెతికింది ఇదే. టన్నుల కాలేయం వండనక్కర లేకుండా పసుపు రంగు పొడి చేతికొచ్చింది. కొద్ది కాలంలోనే దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది, ఆకలి వచ్చింది, మనుషులు లేచి తిరిగారు. అన్నదమ్ములు పోయి అప్పటికి 20 ఏళ్ళు దాటింది.

ఇది ఎలా పని చేస్తుంది? మూలుగ సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు తయారు చేస్తుంది. ఒక్కో కణం బతికేది 120 రోజులే. కణం రెండుగా చీలాలంటే డి.ఎన్.ఏ. ఇంకో ప్రతి తయారు కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ ఉండాలి. లేకపోతే కణం పెద్దదై ఉబ్బి కూర్చుంటుంది, చీలదు. ఇక మూత్రపిండం ఎంత ఆర్డరు పంపినా ఏం లాభం? పని ఉంది, పనివాళ్ళున్నారు, సిమెంటు లేదు. స్ప్రూ వచ్చిన మనుషుల ఒంట్లో జరిగింది ఇదే. ఒళ్ళు ఆక్సిజన్ లోటును కనిపెట్టింది, కబురూ పంపింది, సామాను మాత్రం లేదు. ఇనుము లేకపోయినా ఇంతే, హిమోగ్లోబిన్ కట్టడానికి అది కావాలి. బి12 విటమిన్ తగ్గి వచ్చే రక్తహీనత వేరు, దానికి ఒట్టి ఫోలిక్ యాసిడ్ చాలదు, నరాలు దెబ్బతింటాయి. అది డాక్టరు చూసుకోవాలి.

మూత్రపిండం ఆక్సిజన్ లోటును ఎట్లా కనిపెడుతుందో సుబ్బారావు గారి కాలంలో తెలియదు. 1990ల నుంచి మెల్లగా తేలింది. కణంలో హిఫ్ అనే ప్రోటీను ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ ఉంటే, ఆ ఆక్సిజన్ తోనే దాని మీద గుర్తు వేసి చెత్తలో పారేస్తారు. ఆక్సిజన్ తగ్గితే గుర్తు వేసేవాడు ఉండడు, హిఫ్ మిగిలిపోయి ఎరిత్రోపాయిటిన్ తయారీని మొదలుపెట్టిస్తుంది. ఇందుకు సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్ గార్లకు 2019 నోబెల్ వచ్చింది. పక్కన బొమ్మలో మెడను ఎర్ర స్కెచ్ తో, మూత్రపిండాలను నీలం స్కెచ్ తో గీశాను. మూలుగ సరిగా రాలేదు.

మాత్ర గురించి మిగిలింది చెప్పేస్తాను. పరగడుపున వేసుకుంటే వికారం పెడుతుంది, అన్నం తిన్నాక వేసుకుంటే తక్కువ. విరేచనం నల్లగా అవుతుంది, అది ఇనుము రంగు, భయం లేదు. దాంతోపాటు టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. చీనికాయ రసమో, నిమ్మకాయ నీళ్ళో తాగితే బాగా పడుతుంది. ఫోలిక్ యాసిడ్ చెనిక్కాయల్లో, అలసందల్లో, కందిపప్పులో, ఆకుకూరల్లో ఉంటుంది, కానీ ఆకుకూర ఎక్కువసేపు ఉడికితే చాలా వరకు పోతుంది. వార్డెన్ సారుకు, మేడం గారికి ఒక చిన్న మనవి. మాత్ర ఇచ్చే రోజు టీ ఒక గంట ఆలస్యంగా పోయించండి. ఏ.ఎన్.ఎం. అక్క వచ్చినప్పుడు వేలికి మిషను పెట్టి వదిలెయ్యకుండా అందరికీ హిమోగ్లోబిన్ చూపించండి.

సుబ్బారావు గారి పని ఫోలిక్ యాసిడ్ తో ఆగలేదు. కణాలు చీలడానికి అది అవసరమైతే, దాన్ని అడ్డుకుంటే విచ్చలవిడిగా చీలే కేన్సరు కణాలు ఆగుతాయి కదా అన్న దారిలో అమినాప్టెరిన్ వచ్చింది. బోస్టన్ లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్తకేన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి కొన్ని నెలలు జబ్బు తగ్గింది. ఆ జబ్బుకు మందు పని చెయ్యడం అదే మొదలు. బోదకాలు రాకుండా ఇళ్ళకు వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందానిదే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆయన డైరెక్టరుగా ఉండగా, డగ్గర్ అనే ముసలి వృక్షశాస్త్రవేత్త చేతుల మీదుగా వచ్చింది. ఇన్ని వచ్చినా నోబెల్ రాలేదు. ప్రకటనలు జరిగేటప్పుడు ముందు వరుసలో నిలబడే అలవాటు ఆయనకు లేదు.

ఇంటి సంగతి చెప్పాలంటే చెయ్యి ఆడదు. ఆయన ఓడ ఎక్కాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. మూడేళ్ళలో వస్తానని పోయిన మనిషి పాతికేళ్ళయినా రాలేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన గొప్పవాడని రాస్తూ ఈ మాట దాచిపెట్టడం నాకు న్యాయమనిపించలేదు. ఆయన అమెరికా పౌరుడూ కాలేదు. 1948 ఆగస్టులో ఒక ఉదయం ఎంతకూ లేవకపోతే తలుపు తీసి చూశారు, నిద్రలోనే గుండె ఆగిపోయింది. 53 ఏళ్ళు.

తర్వాత ఒక బూజుకు ఆయన గౌరవంగా సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది. అది ఒకటి మా సారు దగ్గర ఉంది. చార్టు కింద అతికిద్దామంటే ఇవ్వనన్నారు. అందుకని చూసి గీశాను. కళ్ళద్దాలు కొంచెం పెద్దవైపోయాయి.

– తొమ్మిదో తరగతి, బి సెక్షన్